పదో భాగం, మూడు రూపాయల వడ్డీ, క్రిస్మస్ ఖర్చు: మధ్యలో పొదుపు ఎట్లా?

కడప టీచరమ్మ

అందరికీ వందనాలు. మాది కడప. నేను చెన్నూరులో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తాను, ఆయన ట్రావెల్స్ కారు నడుపుతారు. ఇద్దరిదీ కలిపితే నెలకు 34 వేలు. ఇద్దరు పిల్లలు, పాప రెండో తరగతి, బాబు ఆరో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది.

పోయినేడు అత్తమ్మ ఆపరేషన్‌కు లక్షన్నర అప్పు తెచ్చాం, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 4,500 వడ్డీకే పోతుంది, అసలు మాత్రం అట్లనే ఉంది. దేవునికిచ్చే పదో భాగం 3,400 జీతం చేతికి రాగానే తీసి కవర్లో పెడతాం. బాడుగ 7 వేలు. స్కూలు ఫీజులు, సరుకులు, అత్తమ్మ మాత్రలు పోగా 20వ తేదీ వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. ఇంకో మూడు నెలల్లో క్రిస్మస్.

ఇంకో మాట కూడా అడగాలి. నెలనెలా కొంత కట్టి దాచే ఆర్డీ కడదామనుకుంటున్నా అని మా గుడి (చర్చి) మహిళా కూటంలో అంటే, "రేపటిని గురించి చింతించవద్దని ప్రభువే చెప్పాడు కదా, దాచుకోవడం ఎందుకు" అని ఒక సిస్టర్ అన్నారు. అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. దాచుకోవడం విశ్వాసం తక్కువైనట్టేనా? మీ ఇళ్లలో ఎట్లా జరుపుకుంటున్నారో చెప్పండి.

సండేస్కూల్ అక్క, కర్నూలు

చెల్లీ, ముందు ఆ భారం మనసులోంచి తీసెయ్. ఆదికాండం 41లో యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల్లో పంటలో అయిదో వంతు తీసి దాచాడు, కరువులో ఐగుప్తు బతికింది, తన అన్నదమ్ములూ బతికారు. ఆ జ్ఞానం దేవుడిచ్చిందే అని అక్కడి రాజు ఫరో ఒప్పుకున్నాడు. సామెతలు 6లో చీమను చూసి నేర్చుకోమని ఉంది. అయిదు వేల మందికి రొట్టెలు పెట్టిన ప్రభువే, ఏమీ పాడు కాకుండా మిగిలిన ముక్కలు పోగు చేయమన్నాడు (యోహాను 6:12). మత్తయి 6లో వద్దన్నది రాత్రిళ్లు నిద్ర పట్టని ఆ చింత. ఆర్డీ వల్ల ఆ చింత తగ్గుతుందే గాని పెరగదు.

మా అవ్వ కాలంనుంచి మా ఇంట్లో పిడికెడు బియ్యం అలవాటుంది. ఎసరు పెట్టాక చేటలో బియ్యం కొలుస్తాం కదా, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న స్టీలు డబ్బాలో వెయ్యాలి. ఎంతమందికి వండుతున్నా, ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉన్నా ఆ పిడికెడు తప్పదు. పిడికెడంటే 50 గ్రాములనుకో, రెండు పూటలా తీస్తే నెలకు 3 కిలోలు. వండుకునేవాళ్లకు తగ్గినట్టే తెలియదు. ఆదివారం ఆ బియ్యం గుడికి పోయేవి, అక్కడినుంచి ఎవరూ లేని ముసలివాళ్లకు. పొదుపు కూడా ఇదే పద్ధతిలో చెయ్యొచ్చు. వండాక మిగిలింది తియ్యడం కాదు, వండకముందే తియ్యాలి. పౌలు కూడా కొరింథీయులకు రాసింది అదే, ప్రతి ఆదివారం ఎవరి రాబడిని బట్టి వాళ్లు తీసి పెట్టుకోమని (1 కొరింథీ 16:2).

పోస్టాఫీసు అన్న, అనంతపురం

వందనాలు సిస్టర్. నేను తపాలా శాఖలో పనిచేస్తాను. ఆర్డీ సంగతి తర్వాత చెప్తాను, ముందు మీ వడ్డీ ఆపండి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఏడాదికి 54 వేలు ఊరికే పోతున్నాయి. పోస్టాఫీసు ఆర్డీకి ఇప్పుడు ఇచ్చేది 6.7 శాతం. 36 శాతం కడుతూ 6.7 శాతానికి దాచుకుంటే ఏం లాభం?

ఇంట్లో బంగారం ఉందా? ఇప్పటి ధరకు రెండున్నర, మూడు తులాలు బ్యాంకులో పెట్టినా లక్షన్నర వస్తుంది. బ్యాంకు వడ్డీ ఏడాదికి 9, 10 శాతం దగ్గర ఉంటుంది. 10 అనుకున్నా నెలకు 1,250. మీరు ఇప్పుడు కడుతున్న 4,500 అట్లనే బ్యాంకుకు కడుతూ పోతే, పైనున్నది అసలులో తగ్గుతుంది. మూడేళ్ల పైచిలుకుకు మొత్తం అప్పు తీరి గొలుసు ఇంటికొస్తుంది. చేతినుంచి ఒక్క రూపాయి ఎక్కువ పెట్టే పని లేదు. కాకపోతే ఏడాదికోసారి తిరగరాయించుకోవడం మర్చిపోవద్దు, ప్రతి నెలా కట్టినదానికి రసీదు తీసుకోండి. బంగారం లేకపోతే మెప్మా సంఘంలో, అంటే పట్నం ఆడవాళ్ల పొదుపు సంఘంలో, ఉన్నారేమో చూడండి, సంఘం అప్పుకు వడ్డీ రూపాయి లోపే ఉంటుంది.

మీకు అప్పిచ్చినాయన దగ్గర నోటు మీద సంతకం పెట్టి ఉంటారు. డబ్బు కట్టిన రోజే ఆ నోటు వెనక్కి తీసుకోండి. రేపు ఇస్తాలే అంటే వదలొద్దు.

గుత్తి డ్రైవర్

అక్కా, నేనూ బండి నడిపేవాణ్ణే. తప్పుగా అనుకోవద్దు. నెలకు 3,400 పదో భాగం ఇస్తూ ఇంకోపక్క వడ్డీకి 4,500 కట్టేకంటే, అప్పు తీరేదాకా కానుక తగ్గించుకుంటే దేవుడు కోప్పడతాడా? అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడికి దాసుడని సామెతలు 22:7లోనే ఉంది కదా. ముందు ఆ దాస్యంలోంచి బయటపడాలి.

నంద్యాల పెద్దాయన

గుత్తి తమ్ముడు అన్నమాట నాకు రుచించలేదు. మలాకీ 3వ అధ్యాయం తీసి చదువు నాయనా. ఇయ్యకపోవడాన్ని అక్కడ దొంగతనం అన్నాడు. నేను చిన్న ఉద్యోగం చేసి నలుగురు పిల్లల్ని చదివించినాను, పదో భాగం ఏనాడూ ఆపలేదు. ఇబ్బంది వచ్చిందని ముందు దేవుని భాగం మీద చెయ్యి పెడితే, ఆ అలవాటు అక్కడితో ఆగదు. మొదట సినిమాలు, హోటల్ బిర్యానీ, ఫోన్ రీచార్జీలు, ఫంక్షన్లకు పెట్టుడు చీరలు, ఇవన్నీ లెక్క రాసి చూడండి. 3,400 వాటిల్లోనే దొరుకుతుంది.

గుత్తి డ్రైవర్

పెద్దాయనా, మీ మాటకు విలువిస్తాను. కానీ ఈ అక్క ఇంట్లో సినిమాలు, హోటళ్లు ఉన్నట్టు ఆమె రాసినదాంట్లో నాకు కనపడలేదు. అత్తమ్మ మాత్రలున్నాయి. 2 కొరింథీ 9:7లో సణుక్కోకుండా, ఎవరి బలవంతమూ లేకుండా ఇయ్యమన్నాడు. రాత్రంతా వడ్డీ లెక్క వేసుకుంటూ పొద్దున్నే కవరు తీసేవాడికి ఆ సంతోషం ఎక్కడినుంచి వస్తుంది?

జమ్మలమడుగు నర్సు

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది గాని, ఒక్క సంగతి ఎవరూ అనలేదు. మార్కు 7వ అధ్యాయంలో కొర్బాను మాట వస్తుంది. తల్లిదండ్రులకు పెట్టాల్సింది దేవునికి అర్పితం అని చెప్పి వాళ్లకు పెట్టకుండా తప్పించుకున్నవాళ్లను ప్రభువు గట్టిగా మందలించాడు. అత్తమ్మ ఆపరేషన్‌కు అప్పు చేసిన ఈ కోడలు ఆ ఆజ్ఞ నెరవేర్చింది. ఆమెను ఎవరూ తక్కువ చేసి మాట్లాడొద్దు. పదో భాగం ఎంత, ఎప్పుడు అన్నది ఆమె, భర్త కలిసి ప్రార్థనలో పెట్టుకుని తేల్చుకోవాలి. పాస్టర్ అయ్యగారితో ఒకసారి మాట్లాడినా మంచిదే. సంఘాల్లో సహాయ నిధి ఉంటుంది, దాన్ని అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. అపొస్తలుల కార్యాలు 4లో కొదువ ఉన్నవాళ్లకు అక్కరకొద్దీ పంచారని ఉంది.

ఇక నా పనికి దగ్గర మాట. అత్తమ్మ ఏ మాత్రలు వాడుతోంది? బీపీ, షుగర్ అయితే మీ దగ్గరి అర్బన్ హెల్త్ సెంటర్లో ఉచితంగానే ఇస్తారు. అక్కడ లేనివి జన ఔషధి దుకాణంలో చూడండి, ధర చాలా తేడా ఉంటుంది. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టరును అడగండి. మాత్ర మార్చేముందు మాత్రం ఆ డాక్టరుకు ఒక మాట చెప్పాలి. డబ్బు కలిసొస్తుందని రోజుకు రెండు వేసుకోమన్నది ఒకటి వేసుకునే పెద్దవాళ్లను నేను రోజూ చూస్తుంటా. ఆ పొదుపు చివరికి పక్షవాతం దాకా పోతుంది, దయచేసి అట్లా చెయ్యనియ్యొద్దు.

కడప టీచరమ్మ

అందరికీ వందనాలు. బీపీ, షుగర్ మాత్రలే అక్కా. సెంటర్ మా వీధి చివరే ఉంది, సోమవారం వెళ్తాం. నా తాళి గొలుసు, నెక్లెసు కలిపి నాలుగు తులాలు ఉన్నాయి. గొలుసు కాకుండా నెక్లెసు పెట్టమన్నారు ఆయన, చాలకపోతే గాజులు కలుపుతాం. పదో భాగం గురించి ఇద్దరం మాట్లాడుకున్నాం. అది ఆపము. పెద్దాయన చెప్పినందుకు కాదు, మాకే దాంట్లో ధైర్యం ఉంది. కానీ వేరే కానుకలు, కూటాల చందాలు అడిగినప్పుడల్లా మొహమాటానికి ఇచ్చేవాళ్లం, అవి అప్పు తీరేదాకా ఇయ్యలేమని చెప్తాం.

కొత్త కోడలు, అనంతపురం

నాదొక చిన్న సందేహం. నేనైతే పనిమనిషిని మాన్పించి నెలకు 1,500 మిగిల్చాను. కూరగాయల దగ్గర కూడా గట్టిగా బేరం చేస్తాను. పాతూరు వైపు సాయంత్రం పోతే బండ్లవాళ్లు సగానికే ఇచ్చేస్తారు. ఇదీ పొదుపే కదా?

పత్తికొండ రైతు

అమ్మా, నేను టమోటా వేసేవాణ్ణి. మా పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయిన రోజు కిలో రూపాయి, రెండు రూపాయలకు కూడా అడిగేవాళ్లు లేక జనం రోడ్డు పక్కన పారబోసి పోతుంటారు. కోత కూలీ కూడా రాదు. ఆ పూట పట్నంనుంచి ఒకరు వచ్చి ఇంకా తగ్గించమంటే మాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. బండి తోసేవాడి సంగతీ అంతే, వాడు పొద్దున వడ్డీకి తెచ్చిన డబ్బుతోనే సరుకు ఎత్తుతాడు, సాయంత్రం మిగిలింది కుళ్లిపోతుందని భయపడి ఇచ్చేస్తాడు. వాడి భయంలోంచి మిగిల్చుకున్నది పొదుపు అనిపించుకోదు.

తక్కువకు కొనాలంటే దారి ఉంది. నాలుగైదు ఇళ్లవాళ్లు కలవండి. రైతు దగ్గర నేరుగా ఒక బాక్సు ఎత్తండి. దళారీ మాకు ఇచ్చేదానికంటే రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినా, మీకు అంగడి ధరలో సగం కూడా పడదు. ఇద్దరికీ మేలే. ఎక్కువైనవి ఒరుగులు చేసుకోండి. టమోటాను నాలుగు చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, మిద్దె మీద పాత పంచె పరిచి ఎండబెట్టాలి. మన సీమ ఎండకు మూడు నాలుగు రోజుల్లో గలగలలాడతాయి. కిలో కాయ ఎండితే అరచేతిలో పట్టేంత అవుతుంది, అంత నీరు ఉంటుంది దాంట్లో. కిలో 60, 80 పలికే రోజుల్లో ఆ ఒరుగులు పప్పులో రెండేస్తే చాలు. మబ్బు పట్టిన రోజు మాత్రం పెట్టొద్దు, బూజొస్తుంది.

జమ్మలమడుగు నర్సు

అనంతపురం చెల్లీ, పనామెను మాన్పించడం నీ ఇష్టం, నీ పని నువ్వు చేసుకుంటే తప్పేముంది. కానీ ఆమెను రేపటినుంచి రావద్దని చెప్పావా, నెల ముందు చెప్పావా? చేసిన రోజులకు జీతం ఇచ్చావా? లేవీయకాండం 19:13లో కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉండకూడదని ఉంది. యాకోబు పత్రిక 5:4లో పట్టి ఉంచిన ఆ కూలి మొరపెడుతుందని ఉంది. మన పొదుపు మొదట పేదవాళ్ల దగ్గరే మొదలవుతోంది, షోరూంలో మాత్రం ట్యాగ్ మీద ఉన్నది ఉన్నట్టు కట్టి వస్తున్నాం. దీని గురించి మన గుళ్లలో వాక్యం చెప్పేవాళ్లు చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

కొత్త కోడలు, అనంతపురం

జీతం ఇచ్చాను అక్కా, ముందు చెప్పలేదు. వారానికి రెండు రోజులైనా రమ్మని అడుగుతాను.

సండేస్కూల్ అక్క, కర్నూలు

క్రిస్మస్ గురించి టీచరమ్మ అడిగింది కదా. మన ఇళ్లలో బట్టలదే పెద్ద ఖర్చు. పెద్దవాళ్లకు ప్రతి ఏడూ కొత్తవి ఉండాల్సిందే అని ఎక్కడా రాసి లేదు. పిల్లలకూ అత్తమ్మకూ కొను, మీ ఇద్దరూ పెళ్లిళ్లకు కట్టినవి ఇస్త్రీ చేసి కట్టుకోండి. మీ కడప వై.వి. స్ట్రీట్ అంగళ్లకు పోవాలనుకుంటే డిసెంబర్ దాకా ఆగొద్దు, అప్పుడు జనం తోసుకుంటుంటే బేరం కూడా కుదరదు. ఇప్పుడే తాను గుడ్డ తీసుకుని పాపకు కాస్త వదులుగా కుట్టించు, ఈస్టరుకూ వచ్చే ఏడుకూ పనికొస్తుంది.

పిండివంటలు ఒక్కదానివే చెయ్యొద్దు. మా వీధిలో అయిదు ఇళ్లవాళ్లం ఒకేచోట కూర్చుంటాం. కజ్జికాయలు ఒకరు, అరిసెలు ఒకరు, నిప్పట్లు ఒకరు, నూనె డబ్బా అందరమూ కలిపి తెస్తాం. ఒక్క పొయ్యి మీద అన్నీ అయిపోతాయి, గ్యాసూ కలిసొస్తుంది. పక్కనున్న ముస్లిం ఇంటికి, ఎదురింటి హిందువుల ఇంటికి ఒక్కో డబ్బా పంపిస్తాం. రంజానుకు, ఉగాదికి వాళ్లూ పంపిస్తారు. ఆ పంచడంలో మాత్రం చెయ్యి దగ్గర పెట్టుకోవద్దు.

నంద్యాల పెద్దాయన

ఈ మాట బాగుంది. నక్షత్రం కూడా వెదురు బద్దలతో, రంగు కాయితాలతో ఇంట్లోనే కట్టుకునేవాళ్లం. పిల్లలకు ఇప్పటికీ అది చెయ్యడం ఇష్టమే. మా గుడిలో కోతపండుగకు వేలం పాట జరుగుతుంది. పొలంనుంచి తెచ్చిన గుమ్మడికాయ, జొన్న కంకులు, కోడి, అన్నీ పాడతారు. ఒక్కో గుమ్మడికాయ వెయ్యికీ రెండు వేలకూ పోతుంది. ఇచ్చే శక్తి ఉన్నవాడు ఇస్తే దేవునికి స్తోత్రం. పక్కవాడు పాడాడని నేనూ పాడాలి అని అప్పులోకి పోవద్దు. గుత్తి తమ్ముడూ, నీతో కాస్త గట్టిగా మాట్లాడినాను గాని, ఈ విషయంలో నీ మనసులో ఉన్నదే నాకూ ఉంది.

గుత్తి డ్రైవర్

పర్లేదు పెద్దాయనా. మీలాంటోళ్లు చెప్పాలి.

ఇంకో సంగతి అడగాలి. మా సంఘంలో ఒకాయన ఫైనాన్స్‌లో బండి తీసుకుంటున్నాడు, నన్ను జామీను సంతకం పెట్టమంటున్నాడు. మంచివాడే, ప్రార్థనాపరుడు. కాదంటే ఏమనుకుంటాడో అని టెన్షన్‌గా ఉంది. అట్లనే ఇంకో బ్రదర్ చీటీ నడుపుతున్నాడు, నెలకు 5 వేలు, చేరాలా వద్దా?

పోస్టాఫీసు అన్న, అనంతపురం

తమ్ముడూ, జామీనుకు వద్దని సామెతలు 6లోనూ 22లోనూ చెప్పాడు. చట్టం ప్రకారం ఆయన కట్టకపోతే కంపెనీ నేరుగా నీ దగ్గరికే రావచ్చు, ముందు ఆయన్ని అడగాలన్న నియమం ఏమీ లేదు. ఆ బండి బాకీ మొత్తం నువ్వు భరించగలవా అని చూసుకో. లేకపోతే వద్దని ఇప్పుడే చెప్పు, నీకు చేతనైన వెయ్యో రెండు వేలో ఊరికే సాయం చెయ్యి.

చీటీకి 1982 చట్టం ఉంది. ప్రతి చీటీ గ్రూపునూ చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి, నడిపేవాడు సెక్యూరిటీ కట్టాలి, కమీషన్ 7 శాతం దాటకూడదు. నమోదు కాగితం చూపించమని అడుగు. బ్రదర్‌ను కాగితం అడగడం అనుమానించడం కాదు. ఆయన మంచివాడైనా, నలుగురు పాడుకున్నవాళ్లు ఎగ్గొడితే ఆయన మాత్రం ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు? మా వైపు ఇట్లాంటి నోటిమాట చీటీ మునిగి ఒక సంఘమే రెండుగా చీలిపోయింది. డబ్బు పోతే పోయింది, ఆ కుటుంబాలు ఇప్పటికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

టీచరమ్మ సిస్టర్‌కు ఇప్పుడు నా శాఖ మాట. వడ్డీ భారం దిగాక ఆర్డీ తెరవండి. నెలకు 100 రూపాయలనుంచి కట్టొచ్చు, అయిదేళ్లు. నెలకు వెయ్యి కడితే ఈ రేటు మీద చివర్లో 71 వేల పైచిలుకు వస్తుంది. పాపకు పదేళ్లు నిండకముందే సుకన్య ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం 250 కడితే చాలు, ఇప్పుడు 8.2 శాతం ఇస్తున్నారు. అన్నిటికంటే ముందు మీవారికి ప్రధానమంత్రి పథకాల కింద రెండు బీమాలు. ప్రమాద బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమాకు 436 రూపాయలు, ఒక్కోదానికి 2 లక్షలు. రోజంతా రోడ్డు మీద ఉండే మనిషి, ఈ 456 రూపాయలు వాయిదా వెయ్యొద్దు. 1 తిమోతి 5:8లో తన ఇంటివాళ్లను చూసుకోని వాణ్ణి ఏమన్నాడో మీకు తెలుసు.

కడప టీచరమ్మ

మీరు చెప్పినవన్నీ పాత డైరీలో రాసుకున్నాను అన్నా. చెన్నూరుకు ఇప్పుడు బస్సులో ఛార్జీ లేకుండానే పోతున్నా, 2025 ఆగస్టు 15నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చింది కదా. ఆ ఛార్జీ డబ్బులు ఎటు పోతున్నాయో కూడా తెలియడం లేదు. వాటిని రోజూ తీసి ఒక డబ్బాలో వేస్తాను, నెలాఖరుకు ఆర్డీకి సరిపోతాయి. బీమా ఏ నెలలో కట్టాలి?

పోస్టాఫీసు అన్న, అనంతపురం

ఏ నెలలోనైనా చేరొచ్చు సిస్టర్. ఏడాది జూన్ 1నుంచి మే 31 దాకా లెక్క. ఒకసారి చేరితే మే నెలాఖరులో ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. ఆ వారం ఖాతాలో కనీసం 500 ఉండేట్టు చూసుకోండి. జీవిత బీమాలో 50 ఏళ్ల లోపు వాళ్లే చేరాలి. నామినీ పేరు మీది రాయించారో లేదో రసీదు మీద చూసుకోండి.

పత్తికొండ రైతు

అమ్మా, కడపలో మీ గుడివాళ్లు నాలుగైదు ఇళ్లు కలిస్తే ఇక్కడ రాయండి. మా ఊరినుంచి కడపకు సరుకు బండి పోతుంటుంది, ఒక బాక్సు దాంట్లో వేయిస్తాను. కాయ చూసి తీసుకున్నాకే డబ్బు పంపండి.

కడప టీచరమ్మ

ముగ్గురం ఉన్నాం అన్నా. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంకో ఇద్దరిని అడిగి చెప్తాను.